వంద డాలర్ల డివిడెండ్‌లో డెబ్భయ్యే ఎందుకొచ్చాయి?

ప్రశ్న: ఆన్‌లైన్ బ్రోకర్ ద్వారా కొన్ని విదేశీ షేర్లు కొన్నాను. ఒక అమెరికా కంపెనీ షేరుకు అర డాలరు డివిడెండ్ ప్రకటించింది. నా దగ్గర 200 షేర్లున్నాయి కాబట్టి 100 డాలర్లు వస్తాయనుకున్నాను. చెల్లింపు తేదీ దాటిన రెండు రోజులకు 70 డాలర్లు పడ్డాయి. ఒక స్విస్ కంపెనీ డివిడెండ్‌లో అయితే మూడో వంతు కంటే ఎక్కువే పోయింది. ఒక బ్రిటిష్ కంపెనీ ఏడీఆర్ (అసలు షేరు బదులు అమెరికా ఎక్స్ఛేంజీలో ట్రేడ్ అయ్యే పత్రం) మీద పన్నేమీ పట్టలేదు గానీ ‘ఫీజు’ అని కొంత తీసుకున్నారు. ఇంకో అమెరికా కంపెనీ షేర్లు, డివిడెండ్ ఎవరికివ్వాలో రిజిస్టరులో చూసుకునే రికార్డు తేదీ రోజునే సరిగ్గా కొన్నా, డివిడెండ్ అసలు రాలేదు. బ్రోకర్‌ను అడిగితే ‘టాక్స్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఇందులో మోసం ఏమైనా ఉందా? ఆ దేశాల్లో బ్యాంకు ఖాతా తెరిస్తే డబ్బు పూర్తిగా వస్తుందా? కంపెనీకే నేరుగా రాస్తే పంపుతారా? అమెరికాలో ఉన్న బంధువుల అడ్రస్ ఇస్తే కోత తగ్గుతుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: మీరు రాసిన అంకెల్లో మోసమేమీ కనబడటం లేదు. కానీ ఆ 30 డాలర్లలో కొంత మీకు దక్కాల్సిందే కావచ్చు. స్విస్ కోతలో సగానికి పైగా తిరిగి అడిగే హక్కు కూడా ఉండొచ్చు. అది తేల్చాలంటే మీరు ఉత్తరంలో రాయని ఒక్క విషయం తెలియాలి. పన్ను లెక్కల ప్రకారం మీరు ఏ దేశంలో నివాసి? పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది ఇక్కడ పెద్దగా పట్టింపు లేదు, అమెరికా పౌరుల విషయంలో తప్ప. షేర్లు ఎక్కడ కొన్నారు, డబ్బు ఏ బ్యాంకులో పడుతుంది అన్నవి అంతకన్నా లెక్కలోకి రావు. ఏటా మీరు ఏ దేశానికి నివాసిగా రిటర్ను దాఖలు చేస్తారో అదే ముఖ్యం.

ముందు ఆ డబ్బు ఏ దారిలో వస్తుందో చూడండి. మీ ప్రశ్నల్లో సగం అక్కడే తేలిపోతాయి. అమెరికా షేర్లలో అత్యధిక భాగం కంపెనీ రిజిస్టరులో ‘సీడ్ అండ్ కో’ అనే పేరు మీద ఉంటాయి. డిపాజిటరీ ట్రస్ట్ కంపెనీ అనే కేంద్ర డిపాజిటరీ తరఫున షేర్లను తన పేరు మీద ఉంచుకునే సంస్థ అది. కంపెనీ తన చెల్లింపు ఏజెంటుకు మొత్తం డబ్బు ఇస్తుంది. అది డిపాజిటరీకి వెళ్తుంది. డిపాజిటరీ తనలో సభ్యులైన పెద్ద బ్యాంకులకు, బ్రోకర్లకు పంచుతుంది. మీ బ్రోకర్ అందులో సభ్యుడు కాకపోతే మధ్యలో అతని తరఫున షేర్లు దాచిపెట్టే ఇంకో బ్యాంకు (కస్టోడియన్) ఉంటుంది. ఆ తర్వాతే మీ ఖాతా. ఐరోపా షేర్లకు ఇదే పని యూరోక్లియర్, క్లియర్‌స్ట్రీమ్ లాంటి సంస్థల ద్వారా జరుగుతుంది. ఇన్ని చేతులు మారేసరికి, పైగా టైమ్ జోన్ తేడాలు, సెలవులు కలిసేసరికి, ఒకటి నుంచి మూడు పనిదినాల ఆలస్యం మామూలే. రెండు రోజులకు టెన్షన్ పడక్కర్లేదు. వారం దాటితే మాత్రం గట్టిగా అడగండి.

కంపెనీకి నేరుగా రాస్తే లాభం ఎందుకు లేదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. వాళ్ల రిజిస్టరులో మీ పేరే లేదు. మర్యాదగా ‘మీ బ్రోకర్‌ను సంప్రదించండి’ అని జవాబు రాస్తారు, అంతే. ఇక ఆ దేశంలో బ్యాంకు ఖాతా తెరిచినా కోత తగ్గదు, ఎందుకంటే పన్ను పట్టుకోవడం డబ్బు బ్యాంకు దాకా రాకముందే, ఈ దారిలోనే అయిపోతుంది.

ఇప్పుడు 30 డాలర్ల సంగతి. అమెరికా కంపెనీ ఇచ్చే డివిడెండ్ మీద విదేశీ నివాసికి అక్కడి చట్టం ప్రకారం 30 శాతం పన్ను. దాన్ని మీరు తర్వాత కట్టడం ఉండదు, ముందే పట్టుకుని మిగిలింది పంపుతారు. మీరు నివసించే దేశానికి అమెరికాతో పన్ను ఒప్పందం ఉంటే ఆ రేటు తగ్గుతుంది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ నివాసులైన మామూలు మదుపరులకు 15 శాతం. జపాన్, చైనా వారికి 10 శాతం. భారత్‌లో ఉండేవారికి 25 శాతం. సింగపూర్, హాంకాంగ్, యూఏఈలకు అమెరికాతో అలాంటి ఒప్పందం లేదు, కాబట్టి అక్కడుంటే 30 శాతానికి 30 శాతమూ పోతుంది. ఒప్పందాలు శాశ్వతం కూడా కావు. హంగరీతో ఉన్నదాన్ని అమెరికా రద్దు చేసుకోవడంతో 2024 జనవరి నుంచి అక్కడివారికి మళ్లీ పూర్తి రేటే పడుతోంది.

ఒప్పందం ఉన్నంత మాత్రాన తగ్గింపు దానంతటదే రాదు. దానికి డబ్ల్యూ-8బెన్ అనే ఫారం కావాలి. ఖాతా తెరిచేటప్పుడు వరసగా వచ్చిన పేజీల్లో మీరు చూడకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కిన వాటిలో ఇదీ ఒకటి అయ్యుంటుంది. అందులో రెండో భాగం ఒప్పందం కింద తగ్గింపు కోరే చోటు. అది ఖాళీగా ఉంటే, లేదా మీ పన్ను గుర్తింపు నంబరు ఇవ్వకపోతే, 30 శాతం పట్టుకోవడం బ్రోకర్ తప్పు కాదు. ఇంకో చిక్కు గడువుది. ఈ ఫారం మామూలుగా సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో క్యాలెండర్ ఏడాది చివరిదాకా చెల్లుతుంది. 2023లో ఏ నెలలో సంతకం చేసినా 2026 డిసెంబర్ 31తో సరి. అప్పటిదాకా 15 శాతం కోత చూసినవారికి జనవరి తర్వాత వచ్చిన డివిడెండ్‌లో ఒక్కసారిగా 30 శాతం పోవడం వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. బ్రోకర్ పంపిన రిమైండర్ ప్రచార ఈమెయిళ్ల మధ్య ఎక్కడో పడి ఉంటుంది. వేరే దేశానికి మకాం మార్చినా 30 రోజుల్లో తెలియజేసి కొత్త ఫారం ఇవ్వాలి.

కాబట్టి మీరు సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే మీకు వచ్చిన 70 డాలర్లు సరైన లెక్కే. బ్రిటన్‌లో ఉంటే 85 రావాలి, భారత్‌లో ఉంటే 75. తేడా ఉంటే ముందు బ్రోకర్‌ను ఫారం సరిచేసి, ఎక్కువ పట్టిన పన్ను వెనక్కి ఇమ్మని అడగండి. ఆ ఏడాది లెక్కలు అమెరికా పన్ను శాఖకు సమర్పించకముందు అయితే చాలామంది బ్రోకర్లు తమ స్థాయిలోనే సరిచేయగలరు. ఆ అవకాశం దాటిపోతే మీరే అమెరికా పన్ను గుర్తింపు నంబరు తీసుకుని, విదేశీ నివాసులు వేసే 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్ను వేసి రిఫండు అడగాలి. 15 డాలర్ల కోసం ఎవరూ ఆ పని చేయరు, చేయమని నేనూ చెప్పను. పెద్ద మొత్తమైతే ఆలోచించవచ్చు.

బంధువుల అడ్రస్ సలహా గురించి ఒక్క మాట. వద్దు. ఆ ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు, ఇచ్చిన వివరాలు అబద్ధమైతే శిక్షకు సిద్ధమని కూడా ఒప్పుకుంటున్నారు. ఇంకా నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, అమెరికా అడ్రస్ చూస్తే బ్రోకర్ మిమ్మల్ని అమెరికన్‌గా లెక్కగట్టి వేరే కాగితాలు అడుగుతాడు. అవి ఇవ్వలేకపోతే 24 శాతం బ్యాకప్ కోత మొదలవుతుంది, అదీ డివిడెండ్ మీదే కాకుండా షేర్లు అమ్మిన డబ్బు మీద కూడా. మామూలుగా అయితే విదేశీ నివాసి అమెరికా షేర్లు అమ్ముకుని లాభం పొందితే అమెరికా ఏమీ పట్టుకోదు. మీ ఫ్రెండ్ మాట వింటే ఆ వెసులుబాటు కూడా పోతుంది.

స్విట్జర్లాండ్ పద్ధతి వేరు, కొంచెం ఓపిగ్గా చదవండి. అక్కడ డివిడెండ్ మీద 35 శాతం పట్టుకుంటారు. మీరు ఎక్కడివారైనా సరే, స్విస్ నివాసులైనా సరే. ముందే ఫారం ఇచ్చి తగ్గించుకునే దారి మామూలు మదుపరికి లేదు. అంత పెద్ద కోత పెట్టింది ఎవరూ ఆదాయం దాచకుండా చూడటానికి. స్విస్ నివాసి తన రిటర్నులో ఆ డివిడెండ్ చూపిస్తే 35 శాతం మొత్తం తిరిగి ఇచ్చేస్తారు. విదేశీయులకైతే ఒప్పందాన్ని బట్టి. చాలా ఒప్పందాల్లో స్విట్జర్లాండ్‌కు మిగిలేది 15 శాతమే, అంటే 20 శాతం మీరు అడిగి తెచ్చుకోవచ్చు. అడగాల్సింది బెర్న్‌లోని ఫెడరల్ పన్ను శాఖను. దానికి మీ దేశపు పన్ను అధికారి నుంచి ‘ఇతను మా నివాసి’ అన్న ధ్రువీకరణ కావాలి, డివిడెండ్ ఎంత వచ్చిందో ఎంత కోశారో చూపే బ్రోకర్ వోచరు కావాలి. డివిడెండ్ వచ్చిన క్యాలెండర్ ఏడాది ముగిశాక మూడేళ్లలోపు దరఖాస్తు చేరాలి.

చాలామంది ఇక్కడే వదిలేస్తారు. వదిలేయడం కొన్నిసార్లు తెలివైన పనే. మీకు వచ్చిన డివిడెండ్ 100 ఫ్రాంకులనుకుందాం. తిరిగి రాగలిగేది 20. వోచరు ఇవ్వడానికి బ్రోకర్ అంతకన్నా ఎక్కువ అడగొచ్చు. కానీ ఏటా 1,000 ఫ్రాంకులు వస్తున్నవారు వదులుకునేది 200, మూడేళ్లకు 600. అలాంటివారు ఏటా తంటాలు పడకుండా మూడేళ్ల డివిడెండ్లు కలిపి, గడువు దాటకుండా ఒకేసారి అడగడం మేలు. అన్నట్టు కొన్ని స్విస్ కంపెనీలు డివిడెండ్‌లో కొంత భాగాన్ని మూలధన నిల్వల నుంచి ఇస్తాయి, ఆ భాగం మీద ఈ 35 శాతం ఉండదు. మీ స్టేట్‌మెంటులో కోత లెక్క 35 కంటే తక్కువగా కనిపిస్తే కారణం అది కావచ్చు.

జర్మనీదీ కొంత ఇలాంటి వ్యవహారమే, అక్కడ 25 శాతం పన్ను, దాని మీద 5.5 శాతం అదనపు పన్ను కలిపి 26.375 శాతం పట్టుకుంటారు. ఎక్కువైనది రిఫండు అడగాలి. ఈ రిఫండుల తలనొప్పి తగ్గించడానికి యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో ‘ఫాస్టర్’ అనే ఆదేశాన్ని ఆమోదించింది. అందులోని నిబంధనలు 2030 జనవరి 1 నుంచి వర్తించాలి. పేరు ఫాస్టర్, అమలుకు అయిదేళ్లు!

మిగతా దేశాలవి గబగబా చెప్పేస్తాను. బ్రిటన్ మామూలు కంపెనీ డివిడెండ్ మీద విదేశీయుల దగ్గర ఏమీ పట్టుకోదు, ఆస్తుల అద్దె మీద నడిచే రీట్‌ల చెల్లింపుల్లో మాత్రం 20 శాతం పోతుంది. సింగపూర్, హాంకాంగ్ కంపెనీలకూ కోత లేదు. అయితే హాంకాంగ్‌లో లిస్టయిన చైనా కంపెనీల హెచ్-షేర్ల మీద చైనా 10 శాతం తీసుకుంటుంది. జపాన్‌లో లిస్టయిన షేర్ల మీద 15.315 శాతం. ఆ చివరి 0.315 ఏమిటా అనుకుంటారు, 2011 భూకంపం తర్వాత పునర్నిర్మాణం కోసం వేసిన అదనపు పన్ను లెక్క నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాలో కంపెనీ అప్పటికే పూర్తిగా పన్ను కట్టేసిన లాభంలోంచి ఇచ్చే డివిడెండ్‌కు కోత ఉండదు. భారత కంపెనీల షేర్లు పట్టుకుని విదేశాల్లో ఉంటున్నవారికి 20 శాతం, పైన సర్‌చార్జ్, సెస్, ఒప్పందాన్ని బట్టి తగ్గింపు.

మీ బ్రిటిష్ ఏడీఆర్‌కు పన్ను పడకపోవడానికి కారణం ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. ఏడీఆర్ అమెరికా ఎక్స్ఛేంజీలో ట్రేడ్ అయినా డివిడెండ్ మీద పన్ను అసలు కంపెనీ ఉన్న దేశానిదే. స్విస్ కంపెనీ ఏడీఆర్ కొన్నా 35 శాతం మిమ్మల్ని వదలదు. ఇక ఆ ఫీజు, అసలు షేర్లను తన దగ్గర పెట్టుకుని వాటి బదులు ఏడీఆర్‌లు జారీ చేసే డిపాజిటరీ బ్యాంకుది. చాలాచోట్ల ఒక్కో ఏడీఆర్‌కు ఒకటి నుంచి మూడు సెంట్లు ఉంటుంది. డివిడెండ్ ఇవ్వని కంపెనీ అయితే ఖాతాలో ఉన్న నగదులోంచి లాగుతారు. అది న్యాయమైన ఖర్చే, కానీ మీ బ్రోకర్ అసలు షేరును లండన్‌లోనే కొననిస్తే రెండు దారుల ఖర్చూ పోల్చి చూసుకోండి. లండన్‌లో కొంటే కొనుగోలు మీద సాధారణంగా 0.5 శాతం స్టాంపు పన్ను పడుతుంది.

రికార్డు తేదీన కొన్నా డివిడెండ్ రాకపోవడం గురించి. కొన్న షేరు మీ పేరు మీదకు రావడానికి సెటిల్‌మెంట్ కావాలి. అమెరికాలో 2024 మే 28 నుంచి అది మరుసటి పనిదినానికి అవుతోంది. అంటే రికార్డు తేదీన కొన్నవారు ఆ రోజు రిజిస్టరు లెక్కలో ఉండరు. ఏ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండ్ రాదో అది ఎక్స్-డివిడెండ్ తేదీ. ఇప్పుడక్కడ అదీ, రికార్డు తేదీ సాధారణంగా ఒకటే, దానికి ముందు పనిదినం ముగిసేలోగా కొని ఉండాలి. ఐరోపాలో రెండు రోజుల పద్ధతి కాబట్టి ఎక్స్-డివిడెండ్ తేదీ ఒక పనిదినం ముందే వస్తుంది. యూరోపియన్ యూనియన్, బ్రిటన్, స్విట్జర్లాండ్ కూడా ఒక రోజు పద్ధతికి మారడానికి 2027 అక్టోబర్ 11ను ఖరారు చేసుకున్నాయి. మీరు నష్టపోయారని బాధపడనక్కర్లేదు. ఎక్స్-డివిడెండ్ రోజున షేరు ధర దాదాపు ఆ డివిడెండ్ మేరకు తగ్గి మొదలవుతుంది, మీరు ఆ తగ్గిన ధరకే కొన్నారు. డివిడెండ్ కోసమే ముందురోజు కొని మర్నాడు అమ్మేద్దామనుకునేవారు విదేశీ షేర్లలో మరింత దెబ్బ తింటారు. ధర తగ్గేది పూర్తి డివిడెండ్ అంత, చేతికొచ్చేది పన్ను పోగా మిగిలింది.

కరెన్సీ మార్పిడి దగ్గర పోయేది ఎవరికీ కనిపించదు. పన్ను ఒక వరుసలో రాసి ఉంటుంది, ఫీజు ఒక వరుసలో రాసి ఉంటుంది, మార్పిడి ఖర్చు మాత్రం రేటులోనే కలిసిపోయి ఉంటుంది. డాలర్లను మీ దేశపు డబ్బులోకి బ్రోకర్ తనంతట తానే మారుస్తుంటే, ఆ రోజు మార్కెట్ రేటుకూ మీకిచ్చిన రేటుకూ ఎంత తేడా ఉందో ఒకసారి లెక్క వేయండి. ఒక శాతం దాటితే నా దృష్టిలో ఎక్కువే. డాలర్లను డాలర్లుగానే ఉంచే సదుపాయం ఉంటే అది ఎంచుకుని, వచ్చిన డబ్బుతో అక్కడే ఇంకో షేరు కొనుక్కోవచ్చు. కొన్ని కంపెనీల ప్రకటన ఒక కరెన్సీలో, చెల్లింపు ఇంకో కరెన్సీలో ఉంటుంది. షెల్, హెచ్ఎస్‌బీసీ లండన్‌లో లిస్టయినా డివిడెండ్ ప్రకటించేది డాలర్లలో. అందుకే పౌండ్లలో ఎంత వస్తుందో ప్రకటన రోజున కచ్చితంగా తెలియదు.

అక్కడ పన్ను పోయింది కదా, ఇక్కడ మళ్లీ కట్టాలా అని మీరు అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్న. మీరుండే దేశం డివిడెండ్ మీద పన్ను వేస్తుంటే, సాధారణంగా చేతికొచ్చిన 70 మీద కాకుండా పూర్తి 100 మీద వేస్తుంది. అక్కడ పోయిన పన్నును ఇక్కడి పన్నులోంచి మినహాయిస్తుంది. ఉదాహరణకు అక్కడ 15 శాతం పోయి, ఇక్కడ మీ రేటు 20 అయితే, మిగతా 5 కడితే చాలు. ఇక్కడ మెలిక ఏమిటంటే, మినహాయింపు ఇచ్చేది ఒప్పందంలో ఉన్న రేటు వరకే. ఒప్పందం 15 అంటున్నా ఫారం ఇవ్వక 30 పోగొట్టుకుంటే, ఆ పై 15 మీ దేశం భరించదు. స్విస్ కోతలో 20 శాతానికీ అదే నియమం. డివిడెండ్‌తో మళ్లీ షేర్లే కొనే ‘రీఇన్వెస్ట్’ పెట్టుకుంటే పన్ను ఉండదని కొందరనుకుంటారు, అదీ తప్పే. చేతికి నగదు రాకపోయినా అది ఆదాయమే, కోత పోగా మిగిలిన దాంతోనే కొత్త షేర్లు వస్తాయి. వ్యక్తుల డివిడెండ్ మీద పన్నే లేని యూఏఈ లాంటి చోట మినహాయింపుకు ఆస్కారమే లేదు, అక్కడ పోయింది పోయినట్టే.

మీరు అమెరికాతో పన్ను ఒప్పందం లేని దేశంలో ఉంటే నా సలహా సూటిగా చెప్తాను. ఎక్కువ డివిడెండ్ ఇస్తుందన్న ఒక్క కారణంతో అమెరికా షేరు కొనకండి. ప్రతి చెల్లింపులో దాదాపు మూడో వంతు పోయే ఆదాయం అది. లాభాన్ని వ్యాపారంలోనే పెట్టే కంపెనీలు, లేదా మార్కెట్లో సొంత షేర్లు కొనే కంపెనీలు మీలాంటివారికి నయం. మొత్తం అమెరికా మార్కెట్ కావాలనుకుంటే ఐర్లాండ్‌లో నమోదైన ఈటీఎఫ్‌లను (షేర్లలా ఎక్స్ఛేంజీలో కొనగలిగే ఫండ్లను) చూడండి. అమెరికా-ఐర్లాండ్ ఒప్పందం వల్ల డివిడెండ్ మీద ఫండ్ స్థాయిలో 15 శాతమే పోతుంది, అక్కడి నుంచి విదేశీ మదుపరికి వచ్చేటప్పుడు ఐర్లాండ్ మళ్లీ కోయదు. ఇంకో లాభం కూడా ఉంది. అమెరికా షేర్లు నేరుగా 60,000 డాలర్లకు మించి ఉన్న విదేశీయుడు చనిపోతే వారసులకు అక్కడి ఎస్టేట్ పన్ను (చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్ను) బెడద ఉంటుంది, ఐరిష్ ఫండ్ యూనిట్లకు అది ఉండదు. ఇక పైప్‌లైన్లు, చమురు రంగంలో ‘ఎల్‌పీ’ అని పేరు చివర ఉండే అమెరికా భాగస్వామ్య సంస్థల యూనిట్లు 8, 9 శాతం రాబడి చూపిస్తూ ఊరిస్తుంటాయి. వాటి జోలికి పోకండి. చెల్లింపుల మీద విదేశీయులకు 37 శాతం దాకా కోత, 2023 నుంచి అమ్మితే వచ్చే మొత్తం మీద కూడా 10 శాతం.

బ్రోకర్‌కు ఇప్పుడు ఇలా రాయండి. నా డబ్ల్యూ-8బెన్ ఏ తేదీ వరకు చెల్లుతుంది, అందులో నేను ఏ దేశ నివాసిగా ఉన్నాను, ఒప్పందం కింద నాకు వర్తించే రేటు ఎంత? స్విస్ డివిడెండ్‌కు పన్ను వోచరు ఇస్తారా, దానికి ఎంత తీసుకుంటారు? కరెన్సీ మార్పిడికి మార్కెట్ రేటు మీద ఎంత కలుపుతున్నారు? ‘టాక్స్’ అన్న ఒక్క ముక్కతో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేరు. ఏడాది మొత్తం మీద అమెరికాలో ఎంత వచ్చింది, ఎంత కోశారు అని చూపే 1042-ఎస్ పత్రం మార్చి 15 నాటికి కొందరు బ్రోకర్లు ఇస్తారు. అందరినీ కలిపి లెక్క సమర్పించే అనుమతి ఉన్న విదేశీ బ్రోకర్లు విడిగా ఇవ్వకపోవచ్చు, అప్పుడు వారి వార్షిక పన్ను స్టేట్‌మెంటు అడిగి దాచుకోండి. మీ దేశంలో మినహాయింపు కోరేటప్పుడు చూపాల్సింది అదే. సరైన జవాబు రాక బ్రోకర్‌ను మార్చాలనిపిస్తే, ఎక్స్-డివిడెండ్ తేదీ దాటి చెల్లింపు తేదీ రాని షేర్లు ఏమున్నాయో ముందు చూసుకోండి. ఆ డబ్బు పాత ఖాతాకే వస్తుంది కాబట్టి అది పడేదాకా ఖాతా మూయకండి.